అదే మద్యం, వేర్వేరు చిట్టెలుకలు: కాలేయంలో కొవ్వు అన్నింటికీ ఒకేలా ఎందుకు చేరదు?

వెన్నెలవాగు · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీలో చేరాను. మద్యం వల్ల శరీరంలోని లిపిడ్లలో, అంటే కొవ్వు పదార్థాల్లో, వచ్చే మార్పులపై పని చేయమని మా గైడు గారు సూచించారు. వ్యాసాలు తిరగేస్తుంటే అడుగడుగునా ఒకే పేరు ఎదురవుతోంది: సి57బీఎల్/6 అనే నల్లని చిట్టెలుక. మిగతా స్ట్రెయిన్లు, అంటే ల్యాబుల్లో పెంచే ఇతర చిట్టెలుక వంశాలు, అరుదుగా కనిపిస్తాయి.

అలా కనిపించిన వాటిలో 2012లో ‘హెపటాలజీ’ పత్రికలో వచ్చిన వ్యాసం నన్ను ఆపేసింది. 14 ఇన్‌బ్రెడ్ (తరతరాలుగా తోబుట్టువుల మధ్యే సంకరం చేసిన) స్ట్రెయిన్ల చిట్టెలుకలకు గొట్టం ద్వారా నేరుగా కడుపులోకి 4 వారాల పాటు మద్యంతో కూడిన ఆహారం ఎక్కించారు. ఎంత తాగాలన్న నిర్ణయం జంతువు చేతిలో లేదు. అయినా కాలేయం దెబ్బతిన్న తీరు స్ట్రెయిన్‌ను బట్టి ఎంతగానో మారింది. కొన్ని బాగా చెడిపోయాయి, కొన్ని చాలావరకు తట్టుకున్నాయి.

ఇది చదివాక ఒక ప్రశ్న వదలడం లేదు. ఒక్క స్ట్రెయిన్‌లో చూసిన ఫలితాన్ని ‘చిట్టెలుకల్లో ఇలా జరుగుతుంది’ అని రాసుకుంటూ పోవడం ఎంతవరకు సబబు? ఈ రంగంలో పని చేసినవాళ్లు చెబితే రుణపడి ఉంటాను.

---

సూక్ష్మదర్శిని · సోమవారం, రాత్రి 10:40

మంచి చోట ఆగారు. చాలామంది ఆగరు.

నల్ల చిట్టెలుకకు ఇంత ఆదరణ రావడానికి ఒక కారణం అది మద్యం తాగుతుంది. సీసాలో 10 శాతం ఇథనాల్ (మద్యంలోని ఆల్కహాల్), పక్కన మంచినీళ్లు పెడితే ఇథనాల్ వైపే వెళ్తుంది. డీబీఏ/2 అనే స్ట్రెయిన్ దాదాపు ముట్టదు. మెక్‌క్లెర్న్, రాడ్జర్స్ అనే పరిశోధకులు ఈ తేడాను 1959లోనే చూపించారు. తాగే ఇష్టంలో జన్యువుల పాత్ర ఉందని తేలడానికి అదొక పెద్ద మెట్టు.

రెండో కారణం చరిత్ర. డీబీఏను 1909లో, సి57 బ్లాక్ వంశాన్ని 1921లో క్లారెన్స్ కుక్ లిటిల్ మొదలుపెట్టారు. 1929లో ఆయనే అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో జాక్సన్ ల్యాబొరేటరీని స్థాపించారు. 2002లో చిట్టెలుక జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం) ముసాయిదా వెలువడినప్పుడు అది సి57బీఎల్/6జె దే. జీనోమ్ తెలిసింది, దొరకడం సులువు, మద్యం తాగుతుంది. ఇక అందరూ దాన్నే పట్టుకున్నారు.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. సీసా పెట్టి వదిలేసే ప్రయోగంలో రెండు స్ట్రెయిన్ల కాలేయాల్లో కొవ్వు తేడా కనిపిస్తే, అది కొవ్వు జీవక్రియలో తేడానా, తాగిన పరిమాణంలో తేడానా అన్నది విడదీయలేం. మీరు చెప్పిన 14 స్ట్రెయిన్ల అధ్యయనంలో గొట్టం వాడింది ఆ చిక్కు తప్పించడానికే. శ్రమతో కూడిన శస్త్రచికిత్స అది. అందుకే అలాంటి అధ్యయనాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

---

రావిచెట్టు_నీడ · మంగళవారం, ఉదయం 6:25

నేను సైన్సు చదివినవాడిని కాదు, రిటైరైన ఉద్యోగిని. అయినా ఈ చర్చ ఆసక్తిగా ఉంది. నాకు ఒక ప్రాథమిక సందేహం. మద్యంలో నూనె లేదు, నెయ్యి లేదు. మరి కాలేయంలో కొవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరైనా ఓపికగా చెప్పగలరా?

---

కాలేయవైద్యం · మంగళవారం, మధ్యాహ్నం 2:05

రావిచెట్టు గారూ, మా ఓపీలో రోగుల బంధువులు కూడా ఇదే అడుగుతారు. కొంచెం వివరంగా చెబుతాను.

ఇథనాల్‌ను కాలేయం రెండు మెట్లలో విరగ్గొడుతుంది. మొదట ఎసిటాల్డిహైడ్, తర్వాత ఎసిటేట్. రెండు మెట్లలోనూ ఎన్ఏడీ అనే సహాయక అణువు ఖర్చయి ఎన్ఏడీహెచ్‌గా మారుతుంది. కొవ్వు ఆమ్లాలను మండించడానికి కూడా కాలేయానికి అదే ఎన్ఏడీ కావాలి. మద్యం వచ్చిందంటే దాన్ని వదిలించుకోవడమే కాలేయానికి మొదటి పని, కొవ్వును మండించే పని వెనకబడుతుంది.

అంతటితో ఆగదు. కొవ్వు తయారీని పెంచే ఎస్ఆర్ఈబీపీ-1సి అనే ప్రోటీన్ చురుకవుతుంది. కొవ్వును మండించే జన్యువులను నడిపే పీపీఏఆర్-ఆల్ఫా అనే ప్రోటీన్ మందగిస్తుంది. తయారైన కొవ్వును వీఎల్‌డీఎల్ అనే రేణువుల రూపంలో రక్తంలోకి పంపే దారి కూడా, ముఖ్యంగా ఏళ్ల తరబడి తాగేవారిలో, దెబ్బతింటుంది.

ఇంకొక దారి ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. చర్మం కింద, పొట్టలో నిల్వ ఉన్న కొవ్వు కరిగి రక్తం ద్వారా కాలేయానికి చేరుతుంది. చిట్టెలుకల్లో దీన్ని సూటిగా చూపించారు. కొవ్వు కణజాలంలోని కొవ్వు ఆమ్లాలకు ముందే డ్యుటీరియంతో (బరువైన హైడ్రోజన్‌తో) గుర్తు పెట్టి, తర్వాత మద్యం ఇస్తే, ఆ గుర్తున్న కొవ్వు కాలేయంలో తేలింది. బాగా తాగేవారిలో చేతులు కాళ్లు సన్నబడుతూ, కాలేయం మాత్రం కొవ్వుతో ఉబ్బి ఉండటం మేము తరచూ చూస్తాం.

వెన్నెలవాగు గారి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉందని నా అభిప్రాయం. మండించడం, తయారు చేయడం, బయటికి పంపడం, నిల్వల నుంచి తెచ్చుకోవడం, ఇలా నాలుగు దారులు. ఒక్కో దారినీ పదుల జన్యువులు నడుపుతాయి. ఏ స్ట్రెయిన్‌లో ఏ దారి బలహీనంగా ఉందో దాన్ని బట్టి ఫలితం మారుతుంది.

---

పెన్నాతీరం · మంగళవారం, సాయంత్రం 7:50

నాకు ఈ చిట్టెలుక ప్రయోగాల మీద అంత నమ్మకం లేదు. కారణాలు చెబుతాను.

కిలో బరువుకు లెక్కిస్తే చిట్టెలుక మనిషి కంటే అనేక రెట్లు వేగంగా మద్యాన్ని వదిలించుకుంటుంది. దాని రక్తంలో కొలెస్టరాల్ ఎక్కువ భాగం హెచ్‌డీఎల్‌లోనే ఉంటుంది, మనకు ఎల్‌డీఎల్‌లో. ఎందుకంటే ఆ రెండింటి మధ్య కొలెస్టరాల్‌ను మార్చే సీఈటీపీ అనే ప్రోటీన్ చిట్టెలుకకు లేనే లేదు. మద్యం మనిషిలో సీఈటీపీ చురుకుదనాన్ని తగ్గిస్తుందని అంటారు. లేని ప్రోటీన్ మీద ప్రభావాన్ని చిట్టెలుకలో ఎలా చూస్తారు? ఇక కాలేయానికి మచ్చలు పడి సిరోసిస్ రావడం మద్యం ఒక్కదానితో చిట్టెలుకల్లో దాదాపు రాదు. 14 కాదు, 140 స్ట్రెయిన్లు తెచ్చినా ఇవి మారవు కదా.

---

సూక్ష్మదర్శిని · మంగళవారం, రాత్రి 11:15

పెన్నాతీరం గారూ, మీరు చెప్పిన వాస్తవాల్లో ఒక్కదానితోనూ నాకు పేచీ లేదు. రక్తంలో కొవ్వును మోసే హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్ వంటి లిపోప్రోటీన్ల విషయంలో చిట్టెలుకను గుడ్డిగా నమ్మకూడదు. కానీ కాలేయ కణం లోపలి కొవ్వు సంగతి వేరు. రెండు ఉదాహరణలు ఇస్తాను, ఒకటి చిట్టెలుక పనికొచ్చింది, ఒకటి పనికిరాలేదు.

పీఎన్‌పీఎల్ఏ3 జన్యువులో ఐ148ఎం అనే మార్పు ఉన్నవారి కాలేయంలో కొవ్వు ఎక్కువని 2008లో డల్లాస్ పరిశోధకులు కనుగొన్నారు. మద్యం వల్ల వచ్చే కాలేయ జబ్బులోనూ అదే మార్పు ముందుకొచ్చింది. అయితే అది ఎలా పని చేస్తుంది? చిట్టెలుకలో ఆ జన్యువును పూర్తిగా తీసేస్తే ఏమీ కాలేదు. మనుషుల్లో ఉన్న అదే మార్పును చిట్టెలుకలో పెట్టి చక్కెర ఎక్కువున్న తిండి ఇస్తే కాలేయం కొవ్వెక్కింది. అంటే ఆ ప్రోటీన్ లేకపోవడం కాదు, చెడిన ప్రోటీన్ కొవ్వు బిందువుల మీద పేరుకుపోవడమే సమస్య. ఈ సంగతి మనుషుల రక్త నమూనాల నుంచి ఎప్పటికీ తెలిసేది కాదు.

రెండోది హెచ్ఎస్‌డీ17బీ13. ఈ జన్యువు పనిచేయకుండా చేసే మార్పు ఉన్నవారికి మద్యం వల్ల వచ్చే కాలేయ జబ్బు ముప్పు తక్కువని 2018లో వెల్లడైంది. చిట్టెలుకలో ఆ జన్యువును తీసేసి కొవ్వెక్కించే తిండి పెట్టి చూస్తే, ఆశించిన రక్షణ కనిపించలేదు.

కాబట్టి చిట్టెలుకను నమ్మాలా వద్దా అని ఒక్క మాటలో అడిగితే జవాబు రాదు. ఏ ప్రశ్నకు అన్నది ముఖ్యం.

---

గణాంకం · బుధవారం, ఉదయం 10:30

నేను జీవశాస్త్రం వైపు కాదు, లెక్కల వైపు. వెన్నెలవాగు గారి మొదటి ప్రశ్న నిజానికి లెక్కల ప్రశ్న.

ఇన్‌బ్రెడ్ అంటే తోబుట్టువుల మధ్యే కనీసం 20 తరాలు సంకరం చేసిన వంశం. జన్యుపరంగా అవన్నీ దాదాపు ఒకే జీవి. పది నల్ల చిట్టెలుకలకు మద్యం ఇచ్చి సగటు తీస్తే, అది ఒకే మనిషికి పదిసార్లు రక్తపరీక్ష చేసి ఊరంతటికీ వర్తింపజేసినట్టు. పరీక్ష ఎంత కచ్చితంగా చేసినా ఊరి గురించి తెలిసేది శూన్యం.

అందుకే జన్యు వైవిధ్యం ఉన్న సమూహాలను తయారు చేశారు. సి57బీఎల్/6, డీబీఏ/2 సంతానం నుంచి పుట్టిన బీఎక్స్‌డీ కుటుంబం ఒకటి. ఎనిమిది మూల స్ట్రెయిన్లను కలిపి తయారు చేసిన కొలాబరేటివ్ క్రాస్ మరొకటి. ఆ ఎనిమిదిలో మూడు, అంటే సీఏఎస్‌టీ, పీడబ్ల్యూకే, డబ్ల్యూఎస్‌బీ, అడవి చిట్టెలుకల నుంచి నేరుగా వచ్చినవి. వైవిధ్యంలో పెద్ద వాటా వాటిదే. అవే ఎనిమిదిని ఇన్‌బ్రెడ్ చేయకుండా కలుపుతూ పోతే వచ్చేవి డైవర్సిటీ అవుట్‌బ్రెడ్ చిట్టెలుకలు. వాటిలో ఏ రెండూ ఒకేలా ఉండవు.

చూడాల్సింది ‘మద్యం కొవ్వు పెంచిందా’ అని మాత్రమే కాదు. ‘మద్యం ప్రభావం స్ట్రెయిన్‌ను బట్టి మారిందా’ అని. ఈ రెండోది తేలాలంటే జంతువులు చాలా ఎక్కువ కావాలి. ఒకే స్ట్రెయిన్‌కు పదేసి పెట్టడం కంటే, ఎక్కువ స్ట్రెయిన్లకు తక్కువేసి పెట్టడం మేలు. ఇంకొక్క మాట: ఒకే పంజరంలో ఉండి ఒకే గొట్టం నుంచి తాగే చిట్టెలుకలు లెక్కలో స్వతంత్రం కావు. ఎవరెంత తాగారో తెలియదు. పంజరాన్నే ఒక యూనిట్‌గా తీసుకోవాలి.

---

తులసికోట · బుధవారం, మధ్యాహ్నం 1:10

చదువుతున్నకొద్దీ మనసు బరువెక్కింది. జంతువులు ఎక్కువ కావాలని ఇంత తేలికగా అంటున్నారు. ప్రతి ఒక్కటీ బాధపడే ప్రాణమే కదా.

---

గణాంకం · బుధవారం, మధ్యాహ్నం 1:48

తులసికోట గారూ, తేలికగా అనలేదండి. తక్కువ జంతువులతో ఏమీ తేలని ప్రయోగం చేస్తే ఆ ప్రాణాలన్నీ వృథా. అది అన్నింటికంటే పెద్ద తప్పు అని నేను గట్టిగా నమ్ముతాను. మన దేశంలో ఏ ప్రయోగమైనా సంస్థలోని జంతు నైతికత కమిటీ అనుమతించాకే మొదలవుతుంది. ఎన్ని జంతువులు, ఎందుకు అన్ని అన్నది ఆ దరఖాస్తులో లెక్కతో సహా చూపాలి.

---

రావిచెట్టు_నీడ · బుధవారం, సాయంత్రం 5:20

డాక్టరు గారూ, వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. ఇంకో సందేహం. రోజూ కొంచెం తీసుకుంటే మంచి కొలెస్టరాల్ పెరిగి గుండెకు మేలని మా మిత్రబృందంలో గట్టిగా వాదిస్తారు. చెట్టు నుంచి దించిన కల్లు అయితే అసలు హానే లేదంటారు. కొందరి జన్యువులకు పడుతుంది, కొందరికి పడదు అని ఇప్పుడు ఈ చర్చ చూపిస్తే వాళ్లకు ఇంకో సాకు దొరుకుతుందేమో!

---

కాలేయవైద్యం · బుధవారం, రాత్రి 9:35

సాకు దొరకకూడదనే ఇది రాస్తున్నాను.

మద్యం హెచ్‌డీఎల్‌ను పెంచుతుంది, నిజమే. కానీ హెచ్‌డీఎల్ అంకె పెరిగితే గుండెకు మేలు అన్న ఊహ నిలబడలేదు. సీఈటీపీని అడ్డుకుని హెచ్‌డీఎల్‌ను బాగా పెంచిన టోర్సెట్రాపిబ్ మందును, మరణాలు ఎక్కువవడంతో 2006లో ఆపేశారు. చైనాలో సుమారు 5 లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2019లో ‘లాన్సెట్’లో వచ్చింది. మద్యాన్ని తట్టుకునే శక్తిని నిర్ణయించే రెండు జన్యువులను ఆధారం చేసుకుని చూస్తే, కొద్దిగా తాగితే పక్షవాతం నుంచి రక్షణ అన్నది మాయమైంది. తాగుడు పెరిగినకొద్దీ రక్తపోటు, పక్షవాతం ముప్పు రెండూ పెరిగాయి. సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది.

మీ మిత్రులు హెచ్‌డీఎల్ చూస్తారు, ట్రైగ్లిజరైడ్లు చూడరు. రక్తంలో కొవ్వును కరిగించే ఎంజైములు పుట్టుకతోనే కొంత బలహీనంగా ఉన్నవారికి, మద్యం తోడైతే ఆ అంకె డెసిలీటరుకు 1000 మిల్లీగ్రాములు దాటిపోవచ్చు. అలాంటి రక్తాన్ని గొట్టంలో కాసేపు నిలబెడితే పైన ఉన్న సీరం పాలలా తెల్లగా కనిపిస్తుంది. అక్కడి నుంచి క్లోమం వాపు ఎంతో దూరం లేదు, అది ప్రాణాల మీదికి తెస్తుంది. కల్లులో ఉన్నదీ ఇథనాలే. చెట్టుదా, సీసాదా అన్న తేడా కాలేయానికి లేదు.

జన్యువుల సంగతి. అతిగా తాగేవారిలో 90 శాతానికి పైగా కాలేయానికి కొవ్వు పడుతుంది. సిరోసిస్ దాకా వెళ్లేది 10 నుంచి 20 శాతం. ఆ మధ్యలో జన్యువుల పాత్ర పెద్దదే. కానీ ఎవరు ఏ వైపు పడతారో తాగక ముందు చెప్పగల పరీక్ష మా దగ్గర లేదు. మొదటి దశ కొవ్వు, తాగడం మానేస్తే కొద్ది వారాల్లోనే చాలావరకు తగ్గిపోతుంది. ఆ అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకునేవారిని చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది.

---

నిర్వాహకులు · బుధవారం, రాత్రి 10:02

సభ్యులకు మనవి. సొంత రక్తపరీక్షల రిపోర్టులు ఇక్కడ పెట్టి సలహా అడగవద్దు. అలాంటి రెండు పోస్టులు తొలగించాం. చికిత్స కోసం దయచేసి మీ వైద్యుణ్ని కలవండి.

---

వెన్నెలవాగు · గురువారం, ఉదయం 8:15

ఇంత మంది ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు.

సూక్ష్మదర్శిని గారూ, కొలిచే పద్ధతుల గురించి చెప్పగలరా? మొత్తం ట్రైగ్లిజరైడ్లు కొలిస్తే చాలా, లేక ఒక్కో లిపిడ్‌నూ విడిగా చూడాలా?

---

సూక్ష్మదర్శిని · గురువారం, రాత్రి 11:30

మొత్తం అంకె ఒక్కటే చూస్తే అసలు కథ జారిపోతుంది. రెండు స్ట్రెయిన్లలో ట్రైగ్లిజరైడ్లు సమానంగా పెరిగి, కణాల పొరల్లోని లిపిడ్లు పూర్తిగా వేరుగా మారవచ్చు.

కణాల పొరల్లో ఉండే ఫాస్ఫటిడైల్‌కొలీన్ అనే లిపిడ్‌ను ఉదాహరణగా తీసుకోండి. కాలేయం దీన్ని సుమారు 30 శాతం మేర పీఈఎంటీ అనే ఎంజైముతో తయారు చేస్తుంది. ఒక్కో అణువుకు మూడు మిథైల్ సమూహాలు కావాలి, అవి ఎస్-ఎడినోసిల్‌మెథియోనిన్ అనే అణువు నుంచి రావాలి. మద్యం ఆ నిల్వను హరిస్తుంది. ఫాస్ఫటిడైల్‌కొలీన్ తగ్గితే వీఎల్‌డీఎల్ సరిగా తయారు కాదు, కొవ్వు లోపలే చిక్కుకుంటుంది. మీరు చదివిన 14 స్ట్రెయిన్ల వ్యాసంలో ఈ మిథైల్ జీవక్రియకే పెద్దపీట వేశారు. ఎలుకలకు మద్యంతో పాటు మిథైల్ సమూహాలను అందించే బీటైన్ ఇస్తే కొవ్వు తగ్గడం కూడా ఈ దారినే సూచిస్తుంది.

మద్యం ఉంటేనే పుట్టే లిపిడ్లు కూడా ఉన్నాయి. ఫాస్ఫోలిపేజ్-డి అనే ఎంజైము మామూలుగా నీటిని వాడాల్సిన చోట ఇథనాల్‌ను వాడితే ఫాస్ఫటిడైల్‌ఇథనాల్ తయారవుతుంది. మనుషుల్లో ఇది రక్తంలో రెండు నుంచి నాలుగు వారాలు నిలుస్తుంది కాబట్టి తాగుడుకు గుర్తుగా పరీక్షిస్తారు. కొవ్వు ఆమ్లాల ఇథైల్ ఎస్టర్లు ఇంకో రకం. మత్తులో ఉండగా మరణించినవారి క్లోమంలో, కాలేయంలో ఇవి ఎక్కువగా ఉన్నాయని 1986లోనే చూపించారు. స్ట్రెయిన్ల మధ్య వీటిని పోల్చడం మంచి ప్రశ్న అవుతుంది.

ఇక చేతిపని. కాలేయం ముక్కను మైనంలో పెట్టి కోస్తే, ఆ తయారీలో వాడే ఆల్కహాల్, జైలీన్ కొవ్వును కడిగేస్తాయి. సూక్ష్మదర్శినిలో కొవ్వు ఉన్నచోట ఖాళీ గుంటలే కనిపిస్తాయి. కొవ్వునే చూడాలంటే గడ్డకట్టించిన ముక్కను పలుచగా కోసి ఆయిల్ రెడ్-ఓ అనే రంగు వేయాలి. అప్పుడు నీలి కేంద్రకాల చుట్టూ ఎర్రని బిందువులు తేలతాయి. కొలతకు మిగతా ముక్కను క్లోరోఫాం, మెథనాల్ 2:1 మిశ్రమంలో రుబ్బండి. నీరు చేర్చి తిప్పితే రెండు పొరలు విడిపోతాయి, కింది పొరలో లిపిడ్లు. మధ్యలో తెల్లని ప్రోటీన్ పొర అడ్డుగా ఉంటుంది. దాన్ని కదపకుండా సన్నని గాజు పిపెట్‌తో కింది పొర తీయడానికి చేయి కుదరాలి.

ఇంకా రెండు జాగ్రత్తలు. ఒకటి, పోలిక కోసం మద్యం లేకుండా ఉంచే కంట్రోలు చిట్టెలుకకు అదే కేలరీలు మాల్టోడెక్స్ట్రిన్ అనే పిండిపదార్థం రూపంలో ఇవ్వాలి. మద్యం తాగేది నిన్న ఎన్ని మిల్లీలీటర్లు తాగిందో గొట్టం మీది గీతల్లో చూసి, ఈ రోజు దాని జతకు అంతే పోయాలి. ఇది ప్రతి స్ట్రెయిన్‌కూ విడిగా చేయాలి. రెండు, చిట్టెలుకలు రాత్రి తింటాయి. కాలేయంలో కొవ్వు గంటగంటకూ మారుతుంది. ఒక స్ట్రెయిన్‌ను పొద్దున, ఇంకోదాన్ని సాయంత్రం కోశారంటే మీరు కొలిచింది జన్యువులను కాదు, గడియారాన్ని.

---

పెన్నాతీరం · శుక్రవారం, ఉదయం 7:40

నా అభ్యంతరాలు పూర్తిగా పోలేదు కానీ ఈ చివరి పోస్టు దాచుకున్నాను. రక్తంలోని కొలెస్టరాల్ అంకెలను పక్కన పెట్టి కాలేయం లోపలి లిపిడ్లకే పరిమితమైతే పని అర్థవంతంగా ఉంటుందని ఒప్పుకుంటాను. ఆడ చిట్టెలుకలను కూడా తీసుకోండి. మగవాటి మీదే ప్రయోగాలు చేసి అందరికీ వర్తింపజేసే అలవాటు ఇంకా పోలేదు.

---

వెన్నెలవాగు · శుక్రవారం, సాయంత్రం 6:05

ఇప్పటికి నా ఆలోచన ఇది. 2013లో ‘నేచర్ ప్రోటోకాల్స్’లో వచ్చిన పద్ధతి: 10 రోజులు 5 శాతం ఇథనాల్ ద్రవాహారం, చివరి రోజు కిలో బరువుకు 5 గ్రాముల ఇథనాల్ చొప్పున ఒక్కసారి. సి57బీఎల్/6, డీబీఏ/2, మరో రెండు స్ట్రెయిన్లు. ఆడ, మగ రెండూ. డీబీఏ/2 ద్రవాహారాన్ని సరిగా తాగుతుందా అన్నది నా భయం.

---

సూక్ష్మదర్శిని · శుక్రవారం, రాత్రి 10:20

భయం సహేతుకమే. ఆ ద్రవాహారం తప్ప వేరే తిండి, నీళ్లు ఉండవు కాబట్టి తాగుతాయి, కానీ తక్కువగా తాగి బరువు తగ్గే ప్రమాదం ఉంది. మద్యం శాతాన్ని మెల్లగా పెంచుతూ అలవాటు చేయండి. రోజూ తూచండి. బరువు గట్టిగా పడిపోతే ఆ జంతువును ఆపే హద్దు ఏమిటో నైతికత కమిటీ దరఖాస్తులోనే రాయండి. ఆడవాటిని ప్రత్యేకంగా గమనించాలి, ఈ పద్ధతిలో వాటి కాలేయం మగవాటి కంటే ఎక్కువ దెబ్బతింటుంది. రక్తంలో ఇథనాల్‌ను ప్రతి స్ట్రెయిన్‌లోనూ కొలవండి, అది లేకుండా పోలిక నిలబడదు.

జంతువులు ఎక్కడ తీసుకున్నా, మీ సంస్థ కాలనీ అయినా, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ జంతు కేంద్రం అయినా, మరొకటి అయినా, ఆర్డరు పెట్టే ముందు ఒక్కటి అడగండి. సి57బీఎల్/6 అంటే ‘జె’నా, ‘ఎన్’నా? ఇవి దాని సబ్‌స్ట్రెయిన్లు, అంటే ఉపవంశాలు. ‘జె’లో ఎన్ఎన్‌టీ జన్యువులో కొంత భాగం లేదు. మైటోకాండ్రియాలో ఎన్ఏడీపీహెచ్ సరఫరాకు, అంటే ఆక్సీకరణ దెబ్బను తట్టుకోవడానికి పనికొచ్చే జన్యువు అది. మద్యం ప్రయోగంలో ఇది చిన్న సంగతి కాదు. చాలా వ్యాసాల్లో ఉత్తి ‘సి57బీఎల్/6’ అని రాసి వదిలేస్తారు, ఆ తర్వాత రెండు ల్యాబుల ఫలితాలు ఎందుకు కలవలేదో ఎవరికీ అంతుపట్టదు. సబ్‌స్ట్రెయిన్ పేరు, ఎక్కడి కాలనీ, ఎన్నో తరం అన్నవి రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే డబ్బు కట్టండి.